బూడిద గుళికకు ఏ బైండర్?

థర్మల్ విద్యుత్ ప్లాంట్లు బొగ్గు బూడిదను వదిలే బూడిద చెరువు పక్క ఊళ్లలో ఎండాకాలం గాలి లేచిందంటే ఆరేసిన బట్టలు కూడా బూడిదే. మన బొగ్గులో 30 నుంచి 45 శాతం దాకా మిగిలేది అదే మరి. రామగుండంలో 1971లో 62.5 మెగావాట్ల యూనిట్, 1983లో ఎన్టీపీసీ, 2010లో చెల్పూరు కాకతీయ థర్మల్, 2016లో జైపూర్ సింగరేణి ప్లాంటు వచ్చాయి. ఒక్కొక్క ప్లాంటుతో బూడిదా పెరిగింది. దాన్ని వాడి తీరాలని కేంద్రం 1999లో మొదటి నోటిఫికేషన్ ఇచ్చింది. 2021 డిసెంబరులో ఇచ్చినది నూటికి నూరు శాతం వాడాలంటోంది.

మెత్తటి పొడి బూడిద సిమెంటుకు, ఇటుకలకు పోతుంది. మిగిలినదాన్ని గుళికలుగా కట్టి కంకరకు బదులు వాడొచ్చు. చిక్కంతా బైండర్, అంటే పొడిని గుళికగా అంటించి పట్టి ఉంచే పదార్థం దగ్గరే.

వాలుగా తిరిగే పళ్లెంలో పొడి పోసి, నీళ్లు చిలకరిస్తూ గుళికలు కట్టడం ఇనుప ఖనిజం పరిశ్రమలో బాగా నలిగిన పద్ధతి. అక్కడి బైండర్ బెంటోనైట్. పచ్చి గుళిక, అంటే ఇంకా గట్టిపడని గుళిక, విరగకుండా బాగా పట్టి ఉంచుతుంది. కానీ అది బంకమట్టే కదా, 1,100 డిగ్రీలకు అటూ ఇటూగా కాల్చకపోతే నీళ్లు తగిలి మళ్లీ నానుతుంది. బ్రిటన్‌లో కంకరకు బదులు వాడే లైటాగ్ అనే బూడిద గుళికలు అలా కాల్చి చేసినవే. బూడిదలో కాలకుండా మిగిలిన బొగ్గు కూడా అక్కడ ఇంధనంగా పనికొస్తుంది.

కాల్చకుండా చేయాలంటే సున్నమే దారి. మన బూడిదలో సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) ఎక్కువ, సున్నం తక్కువ. వెనకటి మేస్త్రీలు గానుగ సున్నంలో ఇటుక పొడి కలిపినప్పుడు జరిగింది ఇదే: తడిలో సున్నం, సిలికా కలిసి రాయిలా బిగుస్తాయి. కాకపోతే వారాలు పడుతుంది. ఆవిరి పట్టిస్తే గంటల్లో పని అవుతుంది. సిమెంటు త్వరగా పట్టు ఇస్తుంది, ఖర్చు ఎక్కువ. మొలాసిస్ (చక్కెర మిల్లు మడ్డి), గంజి లాంటివి వానకు కరిగిపోతాయి. రైస్ మిల్లుల ఊక బూడిదలో సిలికా బాగా ఉంటుంది, కానీ నీళ్లు చాలా తాగుతుంది. సున్నానికి కొంచెం సిమెంటు తోడు చేయడమే మన దగ్గర నడుస్తుందని నా నమ్మకం.

పచ్చి గుళికను కింద పడేసి, పగల్లేదు కాబట్టి బైండర్ ఖాయం అనుకోవడం మాత్రం నాకు నచ్చదు. 28 రోజులయ్యాక నీళ్లలో నానబెట్టి బలం చూడాలి. ఆ నీళ్లలోకి ఆర్సెనిక్, క్రోమియం లాంటి విషపదార్థాలు ఎంత దిగాయో కూడా పరీక్షించాలి. ఆ గుళికలు వేసిన చోట బోరు నీళ్లు తాగేది మన పిల్లలే.