అడుగున నీళ్ళు కూడా నడుస్తానే ఉంటాయి పిలకాయలూ

పిలకాయలూ, సంక్రాంతికి మైపాడు బీచ్‌లో కూర్చున్నప్పుడు చిన్నోడు ఒక మాట అడిగాడు గదా, అలలు పైన్నే గదా తాతా, అడుగున నీళ్ళు రొయ్యల గుంటలో మాదిరి ఊరికే ఉంటాయా అని. ఇంతలో మీ అవ్వ అన్నానికి పిలిచింది, మాట అక్కడే ఆగిపోయింది. ఓడ డెక్ మీద నేను ఇన్నేళ్ళు చేసిన పనే అడుగు నీళ్ళ నడక కొలవడం, జవాబు చెప్పకుండా ఎట్టా ఉంటా, అందుకే రాస్తన్నా.

ఊరికే ఉండవురా అబ్బయ్యా. పెద్ద పెద్ద సైంటిస్టులు కూడా లోతున నీళ్ళు కదిలీ కదలనట్టు ఉంటాయనే అనుకున్నారు. 1959-60లో జాన్ స్వాలో అనే ఇంగ్లీషు ఆయన బెర్ముడా దగ్గర లోతు నీళ్ళలో తేలే గొట్టాలు వదిలి, అవి చేసే శబ్దం పట్టుకుని వెంటబడి చూస్తే అనుకున్నదానికి పదింతల వేగం, అదీ ఒక దిక్కున కాదు, కొన్నాళ్ళు ఇటు, కొన్నాళ్ళు అటు. అట్టాంటప్పుడు ఒకరోజు పోయి కొలిచొస్తే ఏం తెలస్తది? నెలల తరబడి ఒకే చోట నిలబడి చూడాల. ఓడ అన్నాళ్ళు నిలబడలేదు, కాబట్టి నీళ్ళ వేగం కొలిచే మిషన్నే అక్కడ కట్టేసి రావాల. 1970లో సోవియట్ వాళ్ళు అట్లాంటిక్‌లో 17 చోట్ల అట్టా కట్టి నెలల పాటు చూశారు.

కట్టేది ఎట్టా అంటే మన మైపాడు వల గుర్తు తెచ్చుకోండి, పైన బెండ్లు, కింద సీసం గుళ్ళు, అందుకే వల నీళ్ళలో గోడ మాదిరి నిలబడుద్ది. ఇదీ అంతే. కింద బరువుకి చానాసార్లు పాత రైలు చక్రాలే వేస్తారు, పైన బెండ్ల బదులు గాజు బంతులు, ఒక్కోటి 43 సెంటీమీటర్ల అడ్డం, పసుప్పచ్చ ప్లాస్టిక్ టోపీల్లో. గాజు ఎందుకంటే ప్రతి 10 మీటర్లకి మన మీదుండే గాలంత బరువు ఇంకోటి కలుస్తా పోద్ది, 3000 మీటర్ల కాడ అది 300 రెట్లు, థర్మోకోల్ అయితే నలిగి ముద్దయిపోద్ది, గుండ్రటి మందపాటి గాజు తట్టుకుంటది. తాడు మధ్యలో కొలిచే మిషన్లు. నేల రాపిడికి అడుగు నీళ్ళు నెమ్మదిస్తాయి కాబట్టి కిందిగా దగ్గర దగ్గరగా కట్టాల.

పాత మిషన్లకి పంకా ఉండేది, సెకనుకి ఒకటి రెండు సెంటీమీటర్ల కంటే మెల్లిగా పోతే అది తిరగదు. ఇప్పటివి శబ్దం పంపి నీళ్ళలోని నలకలకి తగిలి తిరిగొచ్చేది వింటాయి, హైవే మీద లారీ హారన్ మీదికొచ్చేటప్పుడు ఒక రకంగా, దాటిపోయాక ఇంకో రకంగా వినిపిస్తది చూడండి, ఆ తేడాతోనే వేగం లెక్క. సెకనుకి 5 సెంటీమీటర్లంటే నవ్వొస్తది గానీ రోజుకి 4 కిలోమీటర్ల పైనే.

నాకు ఇప్పటికీ గుండె కొట్టుకునేది పైకి తీసేరోజు. ఉప్పునీళ్ళలో రేడియో పోదు, శబ్దమే దారి. తాడుని కింది చక్రాలకి పట్టి ఉంచేది ఒక కొక్కెం, శబ్దం వింటే తెరుచుకుంటది. ఓడ నుంచి దాని గుర్తు శబ్దం పంపితే 3000 మీటర్లు దిగడానికి 2 సెకన్లు, జవాబుకి ఇంకో 2. ఏడాది పాటు చీకట్లో ఒంటరిగా ఉన్నది పలికిందంటే డెక్ మీద అందరం ఊపిరి తీసుకునేవాళ్ళం. కొక్కెం తెరుచుకుంటే చక్రాలు కిందే ఉండిపోతాయి, బంతులు మిషన్లని లాక్కుంటా పైకొస్తాయి. ఒక్క కొక్కెం మొరాయిస్తే ఏడాది శ్రమ పోద్ది, అందుకే పక్కపక్కన రెండు పెడతారు. ఇంచుమించు గంట పడుద్ది, అంతసేపూ అందరి కళ్ళూ నీళ్ళ మీదే, ఎవరికి ముందు పసుపు కనబడితే వాళ్ళు కేకేస్తారు.

ఒకసారి మే నెల, డెక్ మీద చెప్పుల్లేకుండా నిలబడలేని ఎండ. అడుగున కట్టిన మిషన్ పైకి రాంగానే చెయ్యేశా, ఇంకా చల్లగా ఉంది. ఆ అడుగు నీళ్ళు ఎప్పుడో అంటార్కిటికా పక్కన మునిగి, నేల పట్టుకుని నడుచుకుంటా మన బంగాళాఖాతం దాకా వచ్చినవి, రెండు డిగ్రీల దరిదాపు చలి. చెయ్యి తీయబుద్ధి కాలేదురా.

మీ తాత