కరెంటు పోయాక కబురు మోసేదెవరు?

ఊళ్లోని ఇంటికి దొంగల అలారం పెట్టించి హైదరాబాదులో ఉంటున్న ఒక పాఠకుడు, కరెంటు పోయిన రాత్రి అది తన ఫోనుకు కబురు పంపగలదా అని అడిగారు. అలారం పెట్టెలో తరచుగా 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉంటుంది. పెట్టె, సెన్సార్లు కలిసి 150 మిల్లీఆంపియర్లు తీసుకుంటాయనుకుంటే, కాగితం మీద అది 46 గంటలు నిలుస్తుంది. చిక్కంతా ఆ కేకను మోసుకుపోయే దారిలో ఉంది.

పాత రాగితీగల ల్యాండ్‌లైనులో మాటతోపాటు విద్యుత్తు కూడా ఆ తీగలోనే వచ్చేది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో రెండేసి వోల్టుల లెడ్-యాసిడ్ సెల్లు 24 వరుసగా కలిపి, 48 వోల్టులను ఇంటింటికీ పంపేవారు. అందుకే వీధంతా చీకటైనా ఫోను పలికేది. నన్ను ఇప్పటికీ అబ్బురపరిచేది, ఆ బ్యాటరీ ధన ధ్రువాన్ని భూమికి కలిపి తీగకు రుణ వోల్టేజి ఇవ్వడం. మైలుతుత్తం ద్రావణంలో రాగి పలకలు ముంచితే ధన ధ్రువానిదే కరిగిపోతుందని బడిలో చూస్తాం. భూమిలో పాతిన తీగకు తేమ తగిలినప్పుడు, అది ధన ధ్రువమై ఉంటే అలాగే తరిగిపోయేది. ఆ ప్రయోగం చేయించిన మాస్టార్లు ఆఫీసుగదిలోని ఫోను వైపు ఒక్కసారి వేలు చూపించి ఉంటే ఎంత బాగుండేదో!

రిసీవరు ఎత్తగానే వలయం పూర్తయి కొన్ని పదుల మిల్లీఆంపియర్లు ప్రవహిస్తాయి. ఎక్స్ఛేంజికి అదే పిలుపు. అయితే ఫోను పెట్టేసినా ప్రవాహం ఉండదు, తీగ తెగినా ఉండదు. కనుక ఆ 48 వోల్టులను కనిపెట్టుకొని ఉండి, అవి మాయమైతే సైరను మోగించే పని అలారం పెట్టె మీదే పడింది.

ఇప్పుడు ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే ఫైబరులోని గాజుపోగు కాంతిని మోస్తుందే గాని విద్యుత్తును మోయదు. ఇంట్లోని ఫైబరు పెట్టె, రౌటరు కలిసి 12 వాట్లు వాడితే, పైన చెప్పినంత బ్యాటరీయే వాటిని ఏడు గంటలకు మించి నడపలేదు. రౌటరును ఇన్వర్టరుకు కలిపినా, కరెంటు మారే ఆ కొన్ని మిల్లీసెకన్లలో అది ఆగిపోతే మళ్లీ లేచేసరికి ఒకటి రెండు నిమిషాలు పట్టవచ్చు.

కొన్ని కొత్త అలారాలు నిర్ణీత వ్యవధిలో సర్వరుకు ‘ఉన్నాను’ అని చెబుతుంటాయి. ఆ మాట ఆగిపోవడమే హెచ్చరిక. కానీ కాలనీ మొత్తానికి కరెంటు పోతే అన్ని ఇళ్లూ ఒకేసారి మూగబోతాయి. తీగ కోసిన దొంగకూ ఫ్యూజు కొట్టేసిన ట్రాన్స్‌ఫార్మరుకూ తేడా సర్వరుకు తెలియదు. అందువల్ల ‘కరెంటు పోయింది, బ్యాటరీ మీద ఉన్నాను’ అని సిమ్ ద్వారా వెంటనే చెప్పగల అలారమే మేలు. సిమ్‌కు ఆధారమైన టవరుకూ బ్యాటరీ, డీజిలు ఉన్నంతవరకే ప్రాణం: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు విశాఖపట్నంలో కరెంటుతోపాటు సెల్‌ఫోన్లూ మూగబోయాయి.

యాప్‌లోని పచ్చచుక్కను నమ్ముకోవడం గుమ్మానికి కట్టిన నిమ్మకాయను నమ్ముకోవడం లాంటిదే. ఆ పాఠకుడు ఈసారి ఊరికి వెళ్లినప్పుడు మెయిన్ స్విచ్ కట్టేసి, నాలుగు గంటలు ఆగి తలుపు తెరిచి చూడాలి. అప్పటికీ వీధి చివర ఉండే ఇంటర్నెట్ ఆపరేటరు పెట్టె కరెంటు లేకుండా పనిచేస్తుందో లేదో తేలదు. దాన్ని ఊరంతటికీ కరెంటు పోయిన రోజునే పరీక్షించాలి.