జిబూతీ: సముద్రమట్టానికి దిగువన ఒక ఉప్పు సరస్సు

ఎర్ర సముద్రం ఏడెన్ సింధుశాఖలో కలిసే చోట, బాబ్ ఎల్ మందెబ్ జలసంధి పక్కన ఉన్న చిన్న దేశం జిబూతీ. విస్తీర్ణం దాదాపు 23,200 చదరపు కిలోమీటర్లు. 1977 జూన్ 27న ఫ్రాన్స్ నుంచి స్వాతంత్ర్యం పొందింది. జనంలో సొమాలీలు, అఫార్లు ఎక్కువ. అధికార భాషలు ఫ్రెంచి, అరబిక్. ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. 1993లో ఎరిత్రియా విడిపోయి ఇథియోపియాకు తీరం లేకుండా పోయాక, ఆ పెద్ద దేశపు సరుకులో అధిక భాగం జిబూతీ రేవు మీదుగానే వెళ్తోంది.

అయితే ఈ దేశపు నేల స్వభావం తెలియాలంటే రేవును కాదు, అసాల్ సరస్సును చూడాలి. దాని నీటిమట్టం సముద్రానికి 155 మీటర్లు దిగువన ఉంటుంది. ఆఫ్రికాలో అంతకంటే పల్లపు చోటు లేదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటే, ఇక్కడ దాదాపు పది రెట్లు.

మండే ఎండకు నీరు ఎంత ఆవిరైనా సరస్సు ఎండిపోదు. సుమారు 10 కిలోమీటర్ల అవతల గుబ్బెత్ అఖాతం ఉంది. అక్కడి సముద్రపు నీరు లావా రాళ్ల పగుళ్లలోంచి పల్లానికి దిగి, ఒడ్డున వేడి ఊటలుగా పైకి వస్తుంది. నీటికి బయటికి దారి లేదు కాబట్టి లవణాలన్నీ లోపలే మిగులుతాయి. మన నౌపడ ఉప్పు మడుల్లో జరిగేదే ఇక్కడ మనిషి చెయ్యి పడకుండా జరుగుతోంది: నీరు మూడు నాలుగు రెట్లు చిక్కబడితే ముందు జిప్సం దిగుతుంది, పది రెట్లు దాటాక ఉప్పు గడ్డకడుతుంది. అందుకే ఒడ్డు వెంట జిప్సం, వాయవ్యాన తెల్లటి ఉప్పు మైదానం. ఆ ఉప్పునే అఫార్లు తరతరాలుగా ఒంటెల మీద ఇథియోపియా ఎత్తైన ప్రాంతాలకు చేర్చి అమ్మారు. ఉప్పు పెచ్చుల అంచులు పదునుగా ఉంటాయి. వట్టి కాళ్లతో నడిస్తే కోసుకుంటాయి, తెగిన చోట ఉప్పు పడి భగ్గుమంటుంది.

ఇంత లోతు పల్లం ఎలా ఏర్పడిందంటే, భూమి పైపొర ఫలకాలనే పెద్ద ముక్కలుగా ఉంటుంది; వాటిలో అరేబియా ఫలకం, ఆఫ్రికా ఖండంలోని రెండు ఫలకాలు ఈ ప్రాంతంలోనే ఒకదాన్నుంచి ఒకటి దూరం జరుగుతున్నాయి. మధ్యలో నేల సాగి, పలచబడి, కిందికి కుంగుతుంది. సగటున ఏడాదికి సెంటీమీటరున్నర దాకా విడిపోతుంది కానీ, ఆ కదలిక ఎప్పుడూ మెల్లగానే సాగదు. 1978 నవంబరులో వరస భూకంపాల తర్వాత సరస్సుకూ అఖాతానికీ మధ్య అర్దుకోబా అగ్నిపర్వతం పుట్టి వారం రోజులు లావా కక్కింది. అప్పుడు ఇలా కుంగిన పగులు లోయ కొద్ది రోజుల్లోనే దాదాపు రెండు మీటర్లు వెడల్పయింది. సముద్రాన్ని ఆపుతున్నది సరస్సుకూ అఖాతానికీ మధ్య ఉన్న లావా రాళ్ల గట్టే. అది ఎక్కడైనా కుంగితే ఊటలతో ఆగదు, గుబ్బెత్ నీరు నేరుగా అసాల్‌లోకి దూకుతుంది.