‘లాఖ్’ అంటే సరస్సేనా? అపోహలు - వాస్తవాలు

స్కాట్లాండ్‌కు చెందిన రచనలను తెలుగులోకి తెచ్చేటప్పుడు నా కలాన్ని ఎక్కువసార్లు ఆపిన మాట, అక్కడి నీటి తావుల పేర్ల ముందు కనిపించే ‘లాఖ్’ (loch).

అపోహ: దీన్ని ‘లోచ్’ అనో ‘లాక్’ అనో పలకాలి.

వాస్తవం: చివరి ధ్వని చకారమూ కాదు, కకారమూ కాదు. నాలుక వెనుక భాగాన్ని అంగిటికి ఆనించకుండా దగ్గరగా తెచ్చి, ఆ సందులోంచి గాలిని ఒరుసుకుంటూ పోనిస్తే ఆ ధ్వని పలుకుతుంది. హైదరాబాదులో ఉర్దూ మాట్లాడేవారి ‘ఖుదా’లో వినిపించే ఖకారం దాదాపు అదే.

అపోహ: ఇంగ్లీషు ‘లేక్’ స్కాట్లాండ్ వారి నోట మారి ‘లాఖ్’ అయింది.

వాస్తవం: స్కాట్లాండ్‌లో మాట్లాడే ‘స్కాట్స్’ ఇంగ్లీషులాగే జర్మానిక్ కుటుంబపు భాషే అయినా, ఈ మాటను పొరుగున ఉన్న కెల్టిక్ భాష గేలిక్ నుంచి తీసుకుంది. ‘లేక్’ అయితే లాటిన్ ‘లాకుస్’ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. లాకుస్, లాఖ్ రెండింటికీ ఇండో-యూరోపియన్ మూలం ఒక్కటే కనుక వీటిది దాయాదుల వరస, తల్లీబిడ్డల వరస కాదు.

స్కాట్లాండ్‌లో ‘లేక్’ అనే పేరు మెంటీత్ సరస్సుకు మాత్రమే ఉందన్నదీ నిజం కాదు. హర్సెల్ వంటి మానవ నిర్మిత జలాశయానికీ ఆ పేరుంది.

అపోహ: లాఖ్ అంటే మంచినీటి సరస్సు.

వాస్తవం: అనువాదాలను ఎక్కువగా దెబ్బతీసేది ఈ అపోహే. దాదాపు 37 కిలోమీటర్ల పొడవున్న లాఖ్ నెస్ మంచినీటి సరస్సే. కానీ లాఖ్ ఫైన్, లాఖ్ ఎటివ్ వంటివి హిమానీనదాలు తొలిచిన లోయల్లోకి సముద్రం చొచ్చుకువచ్చి ఏర్పడిన ఉప్పునీటి పాయలు, వాటిలో ఆటుపోట్లుంటాయి. అలాంటి చోట ‘సరస్సు’ అని రాస్తే చదువరికి తప్పు చిత్రం అందుతుంది కాబట్టి, ‘లాఖ్’ను అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట వివరించడమే మేలని నా అభిప్రాయం.

లాఖ్ లాంగ్ కూడా ఇటువంటి సముద్రపు పాయే. ఇంగ్లీషు అలవాటుతో దాన్ని ‘పొడవైన సరస్సు’ అనుకుంటారు గానీ, గేలిక్‌లో ‘లాంగ్’ అంటే ఓడ. 1263లో నార్వే రాజు హాకన్ పంపిన దండు ఈ పాయ కొసన ఉన్న అరోకర్ దాకా వచ్చి, అక్కడ ఓడలను ఒడ్డుకెక్కించి, ఇరుకైన నేలపట్టీ మీదుగా టార్బెట్ వరకు ఈడ్చుకెళ్లి, లాఖ్ లోమండ్‌లోకి దించింది. ఓడలు బయలుదేరింది ఉప్పునీటి నుంచి, చేరింది మంచినీటికి. గేలిక్‌లో రెండూ లాఖ్‌లే.