రాజుకు 5,000 థాలర్లు, ఇప్పుడొక దరఖాస్తు: జర్మనీలో ఆయుధం పట్టనన్న వారి వెనక కథ

జర్మనీలో 2008లోనూ ఆ తర్వాతా పుట్టిన అబ్బాయిలకు పద్దెనిమిదేళ్లు నిండగానే సైన్యం నుంచి ప్రశ్నపత్రం వస్తోంది. ఆరోగ్యం ఎలా ఉంది, ఏం చదివావు, సైన్యంలో చేరే ఆసక్తి ఉందా అని అడిగే ఆ పత్రాన్ని నింపి పంపడం వారికి తప్పనిసరి. అమ్మాయిలు నింపినా సరే, మానినా సరే. 2025 డిసెంబరు 5న పార్లమెంటు ఆమోదించిన చట్టం 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. సేవ ఇప్పటికైతే స్వచ్ఛందమే. చేరేవాళ్లు చాలకపోతే పార్లమెంటు మరోసారి ఓటు వేసి నిర్బంధ సేవ తేవచ్చు.

ఈ చట్టం ఆమోదం పొందడానికి దాదాపు నెల ముందే జర్మనీలోని ప్రొటెస్టంట్ సంఘాల సమాఖ్య శాంతి మీద ఒక కొత్త పత్రం వెలువరించింది. ఆయుధాన్ని పూర్తిగా కాదనే క్రైస్తవ వైఖరిని ఒక వ్యక్తి విశ్వాస సాక్ష్యంగా గౌరవిస్తామనీ, దేశ రాజకీయాలకు అదే నీతి అంటే మాత్రం ఒప్పుకోలేమనీ దాని సారాంశం. ఈ రెండు పరిణామాలతో ఐదు వందల ఏళ్ల వాదం ఒకటి మళ్లీ రాజుకుంది. ఇందులో ఒక పక్షం లూథరన్లు, అంటే 16వ శతాబ్దపు మతసంస్కర్త మార్టిన్ లూథర్ బాట పట్టిన ప్రొటెస్టంట్లు. ఎదురుపక్షం అనాబాప్టిస్టులు, అంటే పసిపిల్లలకు కాక విశ్వసించిన పెద్దవారికే బాప్తిస్మం ఇచ్చేవారు, వారి వారసులైన మెన్నోనైట్లు.

1525 జనవరిలో జ్యూరిచ్‌లో జరిగిన తొలి విశ్వాస బాప్తిస్మం గురించీ, రెండేళ్లకు అనాబాప్టిస్టు నాయకుడు ఫెలిక్స్ మాంజ్‌ను లిమ్మాట్ నదిలో ముంచి చంపడం గురించీ, మ్యూన్‌స్టర్ పట్టణాన్ని అనాబాప్టిస్టులు చేజిక్కించుకున్నాక జరిగిన దారుణం గురించీ 2025లో ఐదు శతాబ్దాల సందర్భంగా ఎన్నో వ్యాసాలు వచ్చాయి. వాటిని ఇక్కడ మళ్లీ వల్లించను. ఈ తగువుకు అవసరమైనవి రెండే పత్రాలు. 1527లో ష్లైట్‌హైమ్‌లో సమావేశమైన అనాబాప్టిస్టులు ఏడు తీర్మానాలు చేసుకున్నారు. ఆరోది కత్తి గురించి. కత్తిని దేవుడే నియమించాడు, అయితే అది క్రీస్తు పరిపూర్ణతకు వెలుపల ఉన్న సంగతి అన్నారు. అంటే పాలకుడు కత్తి పట్టవచ్చు, క్రీస్తును వెంబడించేవాడు పట్టరాదు. మూడేళ్లకు లూథరన్లు ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటనలోని 16వ అధికరణలో దీనికి జవాబిచ్చారు. క్రైస్తవులు న్యాయమైన యుద్ధాల్లో పోరాడవచ్చు, దీన్ని నిషేధించే అనాబాప్టిస్టులను ఖండిస్తున్నాం అని. 2010లో స్టుట్‌గార్ట్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య పాత హింసలకు మెన్నోనైట్లను క్షమాపణ కోరింది. 16వ అధికరణ మాత్రం విశ్వాస ప్రకటనలో ఉన్నచోటే ఉంది.

అయితే నేటి గొడవకు మూలం 16వ శతాబ్దంలో ఉందని నాకు అనిపించదు. అది 1867, 1868 సంవత్సరాల్లో, విస్తులా నది బాల్టిక్ సముద్రంలో కలిసే పల్లపు నేలల్లో ఉంది.

నేడు పోలాండ్‌లో ఉన్న ఆ డెల్టాకు మెన్నోనైట్లు నెదర్లాండ్స్ నుంచి 16వ శతాబ్దంలో వలస వచ్చారు. నీళ్లు నిలిచిన నేలను కరకట్టలు పోసి, గాలిమరలతో నీరు తోడి, సాగులోకి తెచ్చారు. 1772లో పోలాండ్‌ను మూడు పొరుగు రాజ్యాలు పంచుకున్నప్పుడు ఈ ప్రాంతంలో చాలాభాగం జర్మన్ రాజ్యమైన ప్రష్యా పాలయింది. ప్రష్యా అంటే సైన్యం. రాజు రెండో ఫ్రెడరిక్ 1780లో వీరికొక హక్కుపత్రం రాసిచ్చాడు. సైనిక సేవ అక్కర్లేదు, బదులుగా సంఘాలన్నీ కలిసి ఏటా 5,000 థాలర్లు (నాటి వెండి నాణేలు) కట్టాలి. ఆ సొమ్ము ఎక్కడికి పోతుందో కూడా ఖాయం చేశారు. కుల్మ్ పట్టణంలోని సైనిక పాఠశాలకు! కత్తి ముట్టని రైతులు పాలూ వెన్నా అమ్మి కట్టిన డబ్బుతో రాజుగారి సైన్యాధికారులు తయారయ్యారు. మెన్నోనైట్ల చరిత్రను అచ్చమైన త్యాగాల గాథగా చెప్పుకునేవారు ఈ పద్దు దగ్గర కాస్త ఆగాలి.

అంతటితో అయిపోలేదు. ప్రష్యాలో సైనికుల భర్తీ భూమితో ముడిపడి ఉండేది. మెన్నోనైటు ఒక పొలం కొంటే ఆ మేరకు సైన్యానికి రావలసిన మనిషి తగ్గినట్టే. అందుకే 1789లో కొత్త రాజు వీరి భూమి కొనుగోళ్లకు గట్టి కళ్లెం వేశాడు. పిల్లలు పెరిగారు, పొలం పెరగలేదు. భూమిలేని కుటుంబాలు రష్యా సామ్రాజ్యం పిలిచిన చోటికి, నేటి ఉక్రెయిన్‌కు, బండ్లు కట్టుకుని పోయాయి. ద్నీపర్ ఒడ్డున ఖోర్టిట్సా, తర్వాత మొలోచ్నా అనే వలస గ్రామాలు వెలిశాయి. మన పాఠకులకు ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ గ్రామాల్లోనే 1860లో మెన్నోనైట్ బ్రదరెన్ శాఖ పుట్టింది. ఆ శాఖవాడైన అబ్రహాం ఫ్రీసెన్ 1889లో అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్ తరఫున వచ్చి నల్లగొండలో పనిచేశాడు. పాలమూరు ప్రాంతంలో ఇవాళ కనిపించే మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాల వంశవృక్షంలో ప్రష్యా రాజు భూమి ఆంక్ష కూడా ఒక వేరు.

డెల్టాలో మిగిలినవారికి అసలు ముప్పు నిరంకుశుల నుంచి రాలేదు, ప్రజాస్వామ్యవాదుల నుంచి వచ్చింది. 1848లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో తొలి జర్మన్ జాతీయ సభ కూర్చుని పౌరహక్కులను చర్చించింది. మెన్నోనైట్లకు మినహాయింపు ఉంచాలని ఒక ప్రతిపాదన వచ్చింది. దాన్ని వ్యతిరేకిస్తూ లేచిన వ్యక్తి హెర్మన్ ఫాన్ బెకెరాత్. క్రెఫెల్డ్ పట్టణపు బ్యాంకరు, ఆ తాత్కాలిక ప్రభుత్వంలో ఆర్థిక మంత్రి, పైగా స్వయానా మెన్నోనైటు. హక్కులు అందరికీ సమానమైనప్పుడు విధులూ సమానమే, ఒక మతానికి ప్రత్యేకం ఉండరాదన్నది ఆయన వాదం. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. ఆ సభ విఫలమైంది గానీ వాదం చావలేదు.

1867లో ఉత్తర జర్మన్ సమాఖ్య ఏర్పడింది. ఆ ఏడాది నవంబరు 9 నాటి చట్టం ప్రతి పౌరుడినీ సైనిక సేవకు బద్ధుణ్ణి చేసింది. బదులు మనిషిని పంపే వీలు తీసేసింది. పాలక రాజవంశాల వారికీ, ఒకప్పటి సంస్థానాధీశుల కుటుంబాలకూ మాత్రం మినహాయింపు ఉంచారు. సమానత్వం పేరుతో వచ్చిన చట్టంలో రాకుమారుడికి చోటు దొరికింది, పేదరైతు విశ్వాసానికి దొరకలేదు. సంఘ పెద్దలు బెర్లిన్ వెళ్లి రాజునూ మంత్రులనూ కలిసి మొర పెట్టుకున్నారు. ఫలితంగా 1868 మార్చి 3న రాజు విల్‌హెల్మ్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. పాత మెన్నోనైట్ కుటుంబాల యువకులు కోరుకుంటే తుపాకి పట్టకుండా సైన్యంలోనే క్షతగాత్రుల సేవకులుగా, గుమస్తాలుగా, బండ్లు తోలేవారుగా పనిచేయవచ్చు.

పైకి చూస్తే ఇది రాజీ. నా దృష్టిలో ఇక్కడే అంతా తలకిందులైంది. 1780 పత్రం ఒక సంఘానికి ఇచ్చిన హక్కు. అందులో తప్పులెన్ని ఉన్నా, ‘మేం ఆయుధం పట్టం’ అన్నది అక్కడ అందరూ కలిసి పలికిన మాట. 1868 ఉత్తర్వు ఆ మాటను ముక్కలు చేసి ఒక్కొక్క కుర్రవాడి చేతిలో పెట్టింది. ఇకమీదట సంఘం ఏమనుకుంటుందన్నది ప్రభుత్వానికి అనవసరం. నువ్వు ఏం కోరుకుంటావో చెప్పు, అంతే.

అనాబాప్టిస్టుల శిష్యత్వ బోధ తెలిసినవారికి ఈ దెబ్బ ఎంత లోతైనదో అర్థమవుతుంది. వారి బాప్తిస్మం దేవుడితో ఏకాంతంగా కుదుర్చుకునే ఒప్పందం కాదు. తోటి విశ్వాసులకు ఇచ్చే మాట కూడా. తప్పిపోతే వారు మందలిస్తారు, అవసరమైతే వెలి వేస్తారు, పశ్చాత్తాపపడితే మళ్లీ ప్రభువు బల్ల దగ్గర చోటిస్తారు. శత్రువును ప్రేమించమన్న యేసు కొండమీది ప్రసంగం ఒంటరిగా మోయలేని బరువనే వారు సంఘంగా బతికారు. ఒంటరి మనస్సాక్షి లూథర్ వారసుల సొత్తు. ప్రష్యా ప్రభుత్వం అనాబాప్టిస్టులకు రక్షణ ఇస్తూనే దాన్ని లూథరన్ల అచ్చులో పోసి ఇచ్చింది.

దీన్ని మొదట పసిగట్టింది పల్లెల పెద్దలే. పెద్ద సంఘాల్లో ఒకటైన హాయ్‌బుడెన్‌కు పెద్దగా ఉన్నవాడు గెర్‌హార్డ్ పెన్నర్. ఓబర్‌నెస్సౌ సంఘానికి విల్‌హెల్మ్ ఏవర్ట్. సైన్యపు బండి తోలేవాడు తుపాకి పేల్చకపోవచ్చు, కానీ ఆ బండిలో ఉన్నదేమిటి, అతను వేసుకున్న దుస్తులు ఎవరివి, అతను ఎవరి ఆజ్ఞకు లోబడతాడు? ఇలాంటి సేవకు వెళ్లివచ్చినవారికి ప్రభురాత్రి భోజనం ఇవ్వాలా వద్దా అని సంఘాలు రెండుగా చీలాయి. ఉత్తర అమెరికాలో భూములు చూసి రావడానికి 1873లో వెళ్లిన పన్నెండుమంది ప్రతినిధుల్లో ఏవర్ట్ ఒకడు. మరుసటి ఏడాదే కాన్సస్‌కు తరలిపోయాడు. పెన్నర్ 1876లో నెబ్రాస్కాలోని బియాట్రిస్‌కు వెళ్లాడు. ముసలితనంలో, తాతలు నీళ్లు తోడి సాగుచేసిన నేలను అమ్ముకుని, సముద్రం దాటి. వీరిని కాలం చెల్లిన ఛాందసులని నాటి పట్టణ మేధావులు అనుకున్నారు. ప్రశ్నను సరిగ్గా అడిగింది మాత్రం వారే.

అవతలి పక్షానికీ ఒక పేరుంది. డాన్‌జిగ్ (నేటి గ్డాన్‌స్క్) సంఘ బోధకుడు యాకోబ్ మాన్‌హార్ట్ కొడుకు విల్‌హెల్మ్ మాన్‌హార్ట్ జానపద విజ్ఞానంలో ఐరోపా అంతటా పేరు పొందిన పండితుడు. సంఘాల కోరిక మీద 1863లో మెన్నోనైట్ల సైనిక మినహాయింపు చరిత్రను పెద్ద గ్రంథంగా రాశాడు. కొద్ది ఏళ్లకే అభిప్రాయం మార్చుకుని, దేశంలో సమాన పౌరులుగా బతకాలంటే సేవ చేయక తప్పదన్నాడు. 1874లో కొత్త చట్టంతో భూమి ఆంక్షలు తొలగి సంఘాలకు చట్టబద్ధమైన గుర్తింపు వచ్చింది కాబట్టి లౌకికంగా ఆయన లెక్క తప్పలేదు.

తర్వాతి కథ వేగంగా జారిపోయింది. మొదటి ప్రపంచయుద్ధం నాటికి తుపాకి పట్టడం జర్మన్ మెన్నోనైట్లలో వింత కాదు. 1930ల్లో జర్మన్ మెన్నోనైట్ సంఘాల సమాఖ్య నియమావళి నుంచి ఆయుధ నిరాకరణ సూత్రమే పోయింది. 1935లో హిట్లర్ నిర్బంధ సేవను తిరిగి తెచ్చినప్పుడు వారు మినహాయింపు అడగలేదు. అడగడానికి 1868 నాటి సంఘం మిగలలేదు. అదే సమయంలో రోన్ కొండల్లో ఉమ్మడి ఆస్తితో బతుకుతున్న బ్రూడర్‌హోఫ్ అనే చిన్న అనాబాప్టిస్టు సమాజం తన యువకులను అందరినీ దేశం దాటించి లిఖ్టెన్‌స్టైన్‌కు పంపేసింది. ఏ కుర్రవాడినీ ఒంటరిగా అధికారి ముందు నిలబెట్టలేదు. 1937లో నాజీల రహస్య పోలీసు గెస్టపో ఆ సమాజాన్ని మూయించింది. ఇక విస్తులా డెల్టాలో, మెన్నోనైట్ పొలాల నడుమ, 1939లో స్టుట్‌హోఫ్ నిర్బంధ శిబిరం వెలిసింది. అక్కడి ఖైదీల చేత పనిచేయించుకున్న రైతుల్లో మెన్నోనైట్లూ ఉన్నారు. 1945లో సోవియట్ ఎర్రసైన్యం రాకతో డెల్టాలో నాలుగు శతాబ్దాల నివాసం ముగిసింది.

పశ్చిమ జర్మనీ 1949 రాజ్యాంగంలో నాలుగో అధికరణ చేర్చింది. మనస్సాక్షికి విరుద్ధంగా ఎవరినీ ఆయుధంతో యుద్ధసేవ చేయమని బలవంతపెట్టరాదు. గొప్ప వాక్యమే, కాదనను. 1956లో నిర్బంధ సేవ మళ్లీ వచ్చింది. పాత తప్పు గుర్తొచ్చినవారు అదే ఏడాది మెన్నోనైట్ శాంతి సమితిని స్థాపించారు. కానీ రాజ్యాంగం కాపాడేది వ్యక్తి మనస్సాక్షిని. దాన్ని నిరూపించుకోవలసింది ఆ వ్యక్తే. 1980ల దాకా పద్దెనిమిదేళ్ల కుర్రవాడు విచారణ మండలి ముందు కూర్చుని, అడవిలో నీ స్నేహితురాలి మీద ఎవడో దాడి చేస్తే, నీ దగ్గర తుపాకి ఉంటే ఏం చేస్తావు వంటి ప్రశ్నలకు జవాబు చెప్పుకునేవాడు. మాటకారి గట్టెక్కేవాడు. మాటలు రానివాడి మనస్సాక్షి బలహీనమైనదని తేలేది. తర్వాత ఆ విచారణ పోయి రాతపూర్వక దరఖాస్తు వచ్చింది. 2011లో నిర్బంధ సేవనే పక్కన పెట్టారు.

ఇప్పుడు అవే దరఖాస్తులు మళ్లీ పెరిగాయి. వాటితో జీవిత వివరాలూ, ఆయుధం ఎందుకు పట్టలేనో సొంత మాటల్లో రాసిన వివరణా జతచేయాలి. నా సంఘం ఐదు వందల ఏళ్లుగా ఇలా నమ్ముతోంది అని రాస్తే చాలదు. నీకేం జరిగింది, నీకెలా అనిపించింది అన్నదే ఆ కాగితానికి కావాలి.

ప్రొటెస్టంట్ సమాఖ్య పత్రాన్ని ఈ వెలుగులో చదివితే అందులో కొత్తదనం తక్కువ. ఆయుధ నిరాకరణకు వ్యక్తి సాక్ష్యంగా గౌరవం, రాజనీతిగా తిరస్కారం. 1868 ఉత్తర్వు చేసిందీ ఇదే. ఉక్రెయిన్‌లో నాలుగేళ్లుగా నెత్తురు పారుతుంటే, దాడికి గురైన పొరుగువాణ్ణి కాపాడవద్దా అన్న వారి ప్రశ్న బరువైనదే. దానికి మెన్నోనైట్ల దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు లేదు. ఖోర్టిట్సా, మొలోచ్నా ఉన్నది ఆ నేలమీదే. 1918, 1919లో అరాచకవాద నాయకుడు మఖ్నో దండు ఊళ్ల మీద పడినప్పుడు అక్కడి మెన్నోనైట్ యువకులూ ఆత్మరక్షణ దళాలు కట్టి తుపాకులు పట్టారు. కానీ లూథరన్ సంఘాలు నిర్ణయం తమ పెద్దల సభలో కలిసి చేసి, నిరాకరించే హక్కును మాత్రం కుర్రవాడికి ఒంటరిగా ఇవ్వడం సమమైన వాదం కాదు.

2027 జులై నుంచి ఆ వయసు అబ్బాయిలందరికీ వైద్య పరీక్ష తప్పనిసరి అవుతుంది. ఇప్పుడు సుమారు 1,80,000 ఉన్న సైన్యాన్ని 2035 కల్లా కనీసం 2,55,000కు పెంచాలన్నది లక్ష్యం. స్వచ్ఛందంగా వచ్చేవారితో ఆ అంకె చేరకపోతే నిర్బంధం మీద ఓటు జరుగుతుంది. ఆలోగా మెన్నోనైట్ సంఘాలు తమ పిల్లల దరఖాస్తులను వారికే వదిలేస్తాయా, లేక కలిసి కూర్చుని ఒక మాట అంటాయా అన్నది చూడాలి.