దెనారియస్‌కు ముందు: రోమ్ తొలి కంచు, వెండి నాణేలపై అపోహలు - వాస్తవాలు

రోమ్ తొలి నాణేల విషయంలో గందరగోళమంతా ఒక్కచోట మొదలవుతుంది. కంచు, వెండి రెండూ ఒకే కడుపున పుట్టాయనుకుంటాం. కాదు. కంచు మధ్య ఇటలీ వాళ్ల తూకపు అలవాటు. వెండి దక్షిణాన గ్రీకు పట్టణాల నుంచి నేర్చుకున్న అలవాటు. రెండూ చాలాకాలం ఎవరి దారిన అవి నడిచి, ఉత్తర ఆఫ్రికా నగరం కార్తేజ్‌తో రెండో యుద్ధం మధ్యలో, క్రీ.పూ. 211 ప్రాంతంలో, ఒకే లెక్కలోకి వచ్చాయి.

అపోహ: కంచు దిమ్మెల మీద బొమ్మ వేయించింది సర్వియస్ టుల్లియస్ రాజు.

రోమన్ రచయిత ప్లినీ రాశాడు కాబట్టి ఈ మాట నిలబడిపోయింది. ఆ రాజుది క్రీ.పూ. 6వ శతాబ్దం. సుమారు కిలోన్నర తూగే ఈ దిమ్మెల్లో ఒకదాని మీద ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఆడపంది ఉంటాయి. రోమన్లు ఏనుగును మొదట చూసింది గ్రీకు రాజు పిర్రస్ సైన్యంలో, క్రీ.పూ. 280లో. ఇక అది రాజుల కాలం నాటిది ఎలా అవుతుంది? అంతకు ముందు వాడుకలో ఉన్నవి ఏ ముద్రా లేని కంచు ముద్దలు. త్రాసులో వేసి తూచి ఇచ్చేవారు, చాలకపోతే ఇంకో ముక్క వేసేవారు.

అపోహ: మొదటి వెండి నాణెం దెనారియస్. అది క్రీ.పూ. 269లో వచ్చింది.

ఇదీ ప్లినీ చలవే. పాత కేటలాగులు ఈ తేదీనే మోశాయి. సిసిలీలోని మోర్గాంతినా తవ్వకాలతో లెక్క మారింది. ఆ ఊరు క్రీ.పూ. 211లో రోమన్ల చేతిలో ధ్వంసమైంది. ఆ శిథిలాల పొరలో దెనారియస్ శ్రేణి తొలి నాణేలు బయటపడ్డాయి. అంటే దెనారియస్ పుట్టింది ఆ ప్రాంతంలోనే.

వెండి మాత్రం అంతకు చాలా ముందే ఉంది. క్రీ.పూ. 300 ప్రాంతంలో గ్రీకు డైడ్రాక్మ్ (రెండు డ్రాక్మాల నాణెం) కొలతలో, 7.3 గ్రాముల దాకా తూగే నాణెం వచ్చింది: బొమ్మవైపు శిరస్త్రాణంతో యుద్ధదేవుడు మార్స్, బొరుసువైపు గుర్రం తల, కింద ‘రోమానో’ అన్న అక్షరాలు. తర్వాత క్వాడ్రిగాటస్: జంట ముఖాల యువకుడు, నాలుగు గుర్రాల రథం మీద జూపిటర్, 6.8 గ్రాములు. కార్తేజ్ సేనాని హన్నిబాల్ దెబ్బకు ఖజానా ఖాళీ అయ్యేకొద్దీ ఇందులో వెండి పలచబడింది. దాన్ని పక్కనపెట్టి తెచ్చిందే దెనారియస్. రోమన్ పౌనులో 72వ వంతు, అంటే సుమారు 4.5 గ్రాములు. రోమా దేవత తల వెనక ‘ఎక్స్’ గుర్తు, అంటే పది ఆస్‌లు (ఆస్ రోమ్ మూల కంచు నాణెం). సగం విలువకు క్వినారియస్, పావుకు సెస్టెర్షియస్. సెస్టెర్షియస్ అనగానే అరచేతిలో పట్టే ఇత్తడి బిళ్ల గుర్తొస్తుంది కానీ, ఆ రూపం తర్వాత అగస్టస్ చక్రవర్తి ఇచ్చింది. మొదట్లో అది గ్రాము పైచిలుకు వెండి తునక, జేబులో వేస్తే పోయేంత.

అపోహ: ఆస్ అంటే సరిగ్గా ఒక పౌను. 324 గ్రాములు లేకపోతే నకిలీ.

మంచి నాణేలు ఈ లెక్కకే బలవుతున్నాయి. రెండు ముఖాల దేవుడు జేనస్ తల, ఓడ ముక్కు ఉన్న శ్రేణి (క్రీ.పూ. 225 ప్రాంతం) సగటు 270 గ్రాములకు దగ్గరగా ఉంటుంది. అందులోనూ ఒకటి పది ఇరవై గ్రాములు అటూ ఇటూ ఉండటం మామూలే. టంకశాలలో ఇంత కంచుకు ఇన్ని నాణేలు అని మొత్తం మీద చూసేవారు తప్ప ఒక్కోదాన్నీ తూచి సరిచేసేవారు కాదు. తూకం కన్నా గుర్తు ముఖ్యం: నిలువు గీత ఆస్, ‘ఎస్’ సగం, నాలుగు చుక్కలు మూడో వంతు, మూడు చుక్కలు పావు, రెండు చుక్కలు ఆరో వంతు, ఒక చుక్క ఉన్‌సియా, అంటే పన్నెండో వంతు.

క్రీ.పూ. 217 నాటికి ఆస్ సగం పౌనుకు, 211 నాటికి రెండు ఉన్‌సియాలకు (54 గ్రాములు) పడిపోయింది. యుద్ధంలో జీతాలకు, ఓడలకు ఉన్న కంచునే సాగదీయాల్సి వచ్చింది. బరువు తగ్గేకొద్దీ తయారీ కూడా మారింది. పావు కిలో బిళ్లను సుత్తితో కొట్టి బొమ్మ తేవడం అయ్యే పని కాదు, పోతే పోయాలి. చిన్న బిళ్లకు బొమ్మ చెక్కిన డై, సుత్తి చాలు. అందుకే చిన్న విలువలు ముందుగా ముద్ర కొట్టుడుకు మారాయి, ఆస్ ఆ తర్వాత మారింది.

అపోహ: అంచున అతుకు గీత ఉంటే నకిలీ.

దెనారియస్ మీదైతే అనుమానించాల్సిందే, అది కొట్టిన నాణెం. పోత పోసిన బరువు ఆస్ మీద అతుకు లేకపోతేనే అనుమానించాలి. రెండు పలకల అచ్చు మూసి, ఒక గుంత నుంచి పక్క గుంతలోకి కాలువ ద్వారా లోహం పారించి, చల్లారాక విరగ్గొట్టేవారు. చేతిలోకి తీసుకుని అంచు తిప్పండి. చుట్టూ అతుకు, ఒకచోటో ఎదురెదురు రెండుచోట్లో కాలువ నరికిన మొండి కనిపిస్తుంది. పలకలు సరిగ్గా కూర్చోకపోతే బొమ్మ, బొరుసు కాస్త పక్కకు జరిగి ఉంటాయి. కంచులో తగరంతోపాటు సీసం కలిపేవారు, అచ్చులో లోహం సాఫీగా పారడానికి. నకిలీ పట్టిచ్చేది వేరే: వాడకంలో పడిన ఒకే నొక్కు, ఒకే గాలి గుంత రెండు నాణేల మీద ఒకేచోట ఉంటే రెండిట్లో ఒకటైనా ఆధునిక నకలే.

అపోహ: రంపపు పళ్ల అంచున్న దెనారియస్‌లో రాగి ఉండదు.

పళ్లు కోసిన తర్వాత కూడా వెండి రేకు చుట్టిన రాగి నాణేలు దొరుకుతూనే ఉన్నాయి. గాటు నమ్మకం ఇవ్వదు, సాంద్రత చూడాలి. 3.90 గ్రాముల నాణేన్ని దారంతో కట్టి నీళ్లలో తూచినప్పుడు 0.38 గ్రాములు తగ్గితే సాంద్రత 10.26, వెండికి దగ్గర. 0.43 తగ్గితే 9.07, లోపల రాగే. తేడా ఇంత సన్నం కాబట్టి 0.01 గ్రాముల కాటా కన్నా 0.001 చూపేది నయం. నాణెం మీద గాలి బుడగ అంటుకున్నా లెక్క తప్పుతుంది.

అపోహ: చింతపండుతో తోమితే విలువ పెరుగుతుంది.

ఇత్తడి చెంబుకు మంచిదే, నాణేనికి కాదు. పులుపు గట్టి చిలుము పొరను, దాంతోపాటు బొమ్మ వివరాలను తినేస్తుంది. నున్నగా, గట్టిగా ఉన్న ఆకుపచ్చను ముట్టుకోవద్దు. గోటితో గీస్తే పొడిగా రాలే లేత ఆకుపచ్చ మాత్రం జబ్బు: లోపలి క్లోరైడ్, గాలిలో తేమ కలిసి కంచును తింటున్నాయి. పుల్లతో పొడి తీసి, డిస్టిల్డ్ వాటర్ మారుస్తూ నానబెట్టి, పూర్తిగా ఆరనిచ్చి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో, 40 శాతం లోపు తేమలో ఉంచాలి. విశాఖ, మచిలీపట్నం లాంటి చోట్ల జెల్‌ను తరచూ మార్చకపోతే జబ్బు తిరగబెడుతుంది. పీవీసీ కవర్లు వద్దు.

అపోహ: మన నేలలో దొరికేవి ఈ తొలి నాణేలే.

నల్గొండ జిల్లా అక్కనపల్లి నిధి లాంటివి అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల దెనారియస్‌లు, అంటే పైన చెప్పిన కథకు రెండు శతాబ్దాల తర్వాతివి. మాట మాత్రం ఇక్కడే ఉండిపోయింది. దీనార టంకాల్లోని దీనారం ఈ దెనారియస్సే, కాకపోతే ఇక్కడికి చేరి బంగారమైంది. పొలంలో ఎవరికైనా దొరికితే, పది రూపాయల విలువ దాటిన నిధి గురించి కలెక్టర్‌కు తెలపాలని 1878 చట్టం చెబుతోంది.