జ్యూరీ లేని చోట ట్వీట్ ఎవరి కోసం? ఏవరీ అప్పీలు వెనుక కథ

2016 ఫిబ్రవరిలో క్యాథ్లీన్ జెల్నర్ అనే అమెరికన్ లాయర్ ట్విట్టర్‌లో ఒక మాట పెట్టారు. సెల్‌ఫోన్ టవర్ రికార్డులు తన క్లయింట్‌కు తిరుగులేని సాక్ష్యమని, హతురాలు హత్య జరిగిందంటున్న స్థలం నుంచి బయటికి వెళ్లిపోయిందని, తన క్లయింట్ మాత్రం అక్కడే ఉండిపోయాడని దాని సారాంశం. ఆమె ఆ కేసు చేపట్టి అప్పటికి నెల దాటిందంతే. శాస్త్రీయ పరీక్షలు కోరుతూ కోర్టులో పెద్ద మోషన్ (దరఖాస్తు) వేయడానికి ఇంకా ఆరు నెలల టైముంది. అంటే వాదన జడ్జి బల్ల మీదికి చేరకముందే లక్షల మంది ఫోన్లలోకి చేరిపోయింది.

క్లయింట్ పేరు స్టీవెన్ ఏవరీ. 2005 నాటి హత్య కేసులో విస్కాన్సిన్ రాష్ట్రంలో పెరోల్ లేని యావజ్జీవ శిక్ష పడిన మనిషి. అతను నిర్దోషా, దోషా అన్నది ఈ కథనం తేల్చే విషయం కాదు. అప్పీలు నడుస్తుండగా డిఫెన్స్ లాయర్ సోషల్ మీడియాలో ఇంతగా మాట్లాడే పరిస్థితి ఎలా వచ్చింది, దానికి హద్దు ఎక్కడ అన్నదే ప్రశ్న. దాని మూలాలు ట్విట్టర్ కంటే చాలా పాతవి.

ఏవరీ కథ 1985లో మొదలవుతుంది. ఆ ఏడాది ఒక మహిళపై లైంగిక దాడి కేసులో అతనికి శిక్ష పడింది. 18 ఏళ్లు జైల్లో గడిపాక, 2003 సెప్టెంబరులో డీఎన్ఏ పరీక్ష అతను కాదని తేల్చింది. ఆ డీఎన్ఏ ఇంకొకరిది. బయటికొచ్చిన ఏవరీ మానిటోవాక్ కౌంటీ (జిల్లా లాంటిది) మీద, అప్పటి షెరిఫ్ (కౌంటీ పోలీసు అధిపతి), ప్రాసిక్యూటర్ల మీద 3 కోట్ల 60 లక్షల డాలర్లకు దావా వేశాడు. ఆ దావా నడుస్తుండగానే, 2005 అక్టోబరు 31న 25 ఏళ్ల ఫొటోగ్రాఫర్ ఒకరు ఏవరీ కుటుంబానికి చెందిన పాత కార్ల యార్డుకు ఫొటోల పని మీద వెళ్లి మళ్లీ కనిపించలేదు. ఆమె కారు, తర్వాత కాలిన ఎముకలు అక్కడే దొరికాయి. తన మీద దావా వేసిన మనిషి ఇంటిని ఆ కౌంటీ పోలీసులు కూడా సోదా చేయడం మీద అనుమానాలు అక్కడ పుట్టినవే. అవి ఇప్పటికీ చావలేదు.

ఇక్కడ ఒక రోజు గురించి ఆగి చెప్పాలి. ఎందుకంటే జనం ముందు కేసు నడపడం మొదలుపెట్టింది డిఫెన్స్ కాదు. 2006 మార్చి 2న ప్రత్యేక ప్రాసిక్యూటర్ కెన్ క్రాట్జ్ ప్రెస్‌మీట్ పెట్టారు. ఏవరీ మేనల్లుడు, 16 ఏళ్ల కుర్రాడు, అంతకుముందు రోజు పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలాన్ని టీవీ కెమెరాల ముందు ఒళ్లు గగుర్పొడిచే వివరాలతో వినిపించారు. ఆ వాంగ్మూలం ఏవరీ విచారణలో సాక్ష్యంగా రానేలేదు. మేనల్లుడు ఆ విచారణలో బోనెక్కలేదు. కానీ ఏడాది తర్వాత జ్యూరీలో, అంటే నిందితుడు దోషా కాదా తేల్చే మామూలు పౌరుల బృందంలో, కూర్చున్నవాళ్లు మానిటోవాక్ కౌంటీ జనమే, ఆ టీవీలు చూసిన ఊళ్ల వాళ్లే. 2007 మార్చి 18న ఏవరీ హత్య చేశాడని జ్యూరీ తీర్పు చెప్పింది. శవాన్ని ఛిద్రం చేశాడన్న అభియోగం మాత్రం కొట్టేసింది. 2011లో మొదటి అప్పీలూ ఓడిపోయింది.

ఒక ప్రాసిక్యూటర్ అలా మాట్లాడి తప్పించుకుంటే, డిఫెన్స్ లాయర్ నోరు మూసుకుని కూర్చోవాలా? అమెరికాలో ఈ ప్రశ్నకు వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

లాయర్ల జాతీయ సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్ 1908లో లాయర్లకు మొదటిసారి నీతి సూత్రాలు రాసినప్పుడే, నడుస్తున్న కేసుల గురించి పత్రికలకెక్కడం సాధారణంగా తప్పేనని 20వ సూత్రంలో రాసుకుంది. 1935లో పేరున్న విమాన చోదకుడు లిండ్‌బర్గ్ పసిబిడ్డ హత్య కేసు విచారణ న్యూజెర్సీలో తిరునాళ్లలా నడిచాక, 1937లో కోర్టు గదిలో కెమెరాలు వద్దని ఇంకో సూత్రం చేర్చారు. అయినా 1954లో క్లీవ్‌లాండ్‌లో డాక్టర్ శామ్ షెపర్డ్ మీద భార్య హత్య కేసు నడిచినప్పుడు పత్రికలు విచారణకు ముందే తీర్పు రాసేశాయి. అతను దాదాపు పదేళ్లు జైల్లో ఉన్నాక, 1966లో సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. లాయర్లు, పోలీసులు, సాక్షులు పత్రికలకు ఇష్టమొచ్చినట్టు లీకులు ఇస్తుంటే జడ్జి అదుపు చేయలేదని తప్పుపట్టింది. మళ్లీ జరిగిన విచారణలో షెపర్డ్ నిర్దోషిగా తేలాడు. ఆ కాలమంతా దృష్టి ఒక్కదాని మీదే ఉంది: జ్యూరీ మనసు పాడవకూడదు.

రెండో మలుపు లాస్ వేగస్‌లో. 1988లో డొమినిక్ జెంటైల్ అనే డిఫెన్స్ లాయర్ తన క్లయింట్ మీద అభియోగాలు నమోదైన కొన్ని గంటలకే ప్రెస్‌మీట్ పెట్టారు. పోలీసులు రహస్య ఆపరేషన్ కోసం ఒక ప్రైవేటు లాకర్ల సంస్థలో దాచిన కొకైన్, ట్రావెలర్స్ చెక్కులు మాయమయ్యాయి. కేసు ఆ సంస్థ యజమాని మీద పడింది. దొంగ తన క్లయింట్ కాదని, అసలు అనుమానించాల్సింది పోలీసు డిటెక్టివ్‌నని జెంటైల్ అన్నారు. ఆరు నెలల తర్వాత జ్యూరీ క్లయింట్‌ను వదిలేసింది. నెవాడా బార్ (ఆ రాష్ట్ర లాయర్ల సంఘం) మాత్రం లాయర్‌ను మందలించింది. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1991లో 5–4 తేడాతో తేలింది. విచారణకు గట్టిగా చెరుపు చేసే అవకాశమున్న మాటలను బార్ నియంత్రించవచ్చని కోర్టు ఒప్పుకుంది. కానీ నెవాడా నిబంధన అస్పష్టంగా ఉందని జెంటైల్ మీద చర్యను కొట్టేసింది. లాయర్ బాధ్యత కోర్టు గుమ్మం లోపలే మొదలవదని జస్టిస్ కెనడీ రాసిన మాట డిఫెన్స్ లాయర్లకు ఆ తర్వాత కవచమైంది. 1994లో బార్ అసోసియేషన్ తన 3.6 నిబంధనలో జవాబు చెప్పే హక్కును కూడా చేర్చింది: తాను పుట్టించని ప్రచారం క్లయింట్‌కు హాని చేస్తుంటే, ఆ హానిని తగ్గించే మేరకు లాయర్ మాట్లాడవచ్చు.

జెంటైల్ వేలు చూపింది ఎవరి వైపు? ప్రభుత్వం వైపు, ఒక పోలీసు అధికారి వైపు. కెనడీ అభిప్రాయంలో బలమంతా అక్కడే ఉంది. సర్కారు తన అధికారాన్ని ఎలా వాడుతోందో విమర్శించే మాటకు రాజ్యాంగం గట్టి రక్షణ ఇస్తుందని ఆయన వాదించారు. ఆ కవచం అలాంటి మాట కోసం తయారైంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

సోషల్ మీడియా వచ్చాక మొదట దెబ్బతిన్నది మామూలు లాయర్లే. ఇల్లినాయిలో ఒక ప్రభుత్వ డిఫెన్స్ లాయర్ తన బ్లాగులో క్లయింట్లను గుర్తుపట్టేలా రాసినందుకు 19 ఏళ్ల ఉద్యోగం పోగొట్టుకున్నారు. 2010లో ఆమె లైసెన్సును 60 రోజులు సస్పెండ్ చేశారు. మరుసటి ఏడాది విస్కాన్సిన్ కూడా అదే శిక్ష వేసింది. 2015లో లూసియానా సుప్రీంకోర్టు ఇంకో లాయర్‌ను వృత్తి నుంచే తొలగించింది. పిల్లల కస్టడీ కేసులో జడ్జిల మీద ఒత్తిడి తేవాలని ఆమె ఆన్‌లైన్ పిటిషన్లు, ట్వీట్లతో జనాన్ని పురికొల్పారన్నది అభియోగం. 2018లో బార్ అసోసియేషన్ ఇంకో మాట స్పష్టం చేసింది: క్లయింట్ సమాచారం పబ్లిక్ రికార్డులో ఉన్నా సరే, అతని అనుమతి లేకుండా లాయర్ బ్లాగులో, ట్వీట్‌లో పెట్టకూడదు.

హత్య కేసుల్లో అసలు మార్పు 2012లో కనిపించింది. ఫ్లోరిడాలో జార్జ్ జిమ్మర్‌మన్ తరఫు లాయర్ మార్క్ ఒమేరా కేసు కోసమే ఒక వెబ్‌సైట్, ఫేస్‌బుక్ పేజీ, ట్విట్టర్ ఖాతా తెరిచారు. ప్రాసిక్యూషన్ ఆయన నోటికి తాళం వేయమని అడిగితే జడ్జి ఒప్పుకోలేదు. ఆ తర్వాత మేరీల్యాండ్‌లో, ఒక పాడ్‌కాస్ట్‌తో ప్రపంచానికి తెలిసిన అద్నాన్ సయ్యద్ కేసులో 2016 జూన్ 30న కొత్త విచారణకు ఆదేశం వచ్చింది. అతని లాయర్ ఆ గెలుపును ట్విట్టర్‌లో పెద్దక్షరాలతో చాటారు. ఆ ఆనందాన్ని నేను తప్పుపట్టను. కానీ 2019 మార్చిలో రాష్ట్ర అత్యున్నత కోర్టు ఆ ఆదేశాన్ని 4–3 తేడాతో తిప్పేసింది. అప్పీళ్లలో ఒక రోజు గెలుపు మూడేళ్లు కూడా నిలవకపోవచ్చు.

మళ్లీ ఏవరీ దగ్గరికి. 2015 డిసెంబరు 18న నెట్‌ఫ్లిక్స్‌లో 'మేకింగ్ ఎ మర్డరర్' సిరీస్ విడుదలైంది. క్షమాభిక్ష పెట్టాలని లక్షకు పైగా జనం వైట్‌హౌస్‌కు పిటిషన్ పెట్టారు. రాష్ట్ర నేరాల్లో క్షమాభిక్ష అధికారం అధ్యక్షుడికి లేదని జవాబొచ్చింది. 2016 జనవరిలో జెల్నర్ రంగంలోకి దిగారు. ఆమె చిన్న పేరు కాదు. మిజోరిలో తప్పుడు హత్య కేసులో ఇరుక్కున్న ర్యాన్ ఫెర్గసన్‌ను 2013లో బయటికి తెచ్చిందీ ఆమే. శిక్ష పడ్డాక కేసు తిరగదోడడం ఎంత కష్టమో ఆమెకు తెలిసినంతగా చాలామందికి తెలియదు. పదేళ్లు దాటిన కేసులో కొత్త సాక్షి దొరకాలంటే ఊరికే కూర్చుంటే దొరకడు. అందుకని జనంలో కేసు బతికుండాలన్నది ఆమె లెక్క. ఆ లెక్కలో నిజం ఉంది.

ట్వీట్లన్నీ ఒకేలాంటివి కూడా కావు. 2019 సెప్టెంబరులో జైల్లో ఉన్న ఇంకొకరు ఈ హత్య తానే చేశానని ఒప్పుకున్నట్టు వార్తలొచ్చినప్పుడు అభిమానులు ఊగిపోయారు. ఆధారం లేని ఒప్పుకోలు చెత్తతో సమానమని ఆమె ట్విట్టర్‌లోనే చల్లబరిచారు. బాధ్యత గల లాయర్ చేయాల్సిన పని అదే.

ఇక కోర్టులో ఏం జరిగిందంటే: 2017 జూన్‌లో 1,272 పేజీల మోషన్. అక్టోబరులో సాక్షుల విచారణ కూడా లేకుండా జడ్జి ఏంజెలా సట్‌కివిచ్ కొట్టేశారు. 2019లో ఎముకల విషయం తేల్చమని అప్పీలు కోర్టు కేసును వెనక్కి పంపింది, అక్కడా తిరస్కరణే. 2021 జులైలో అప్పీలు కోర్టు కింది ఉత్తర్వులను ఖాయం చేసింది. ఈ నేరం ఎవరు చేశారో తాము చెప్పడం లేదని, అది జ్యూరీ తేల్చిన విషయమని, విచారణ జరపాల్సినంత బలం ఈ మోషన్లలో ఉందా అన్నదే తాము చూశామని ఆ తీర్పులో రాసింది.

ఆ ఒక్క మాటలో అప్పీలు స్వభావమంతా ఉంది. అక్కడ జ్యూరీ ఉండదు. బోనులో ఎవరూ నిలబడరు. కింది కోర్టు రికార్డు, అఫిడవిట్లు, ఇరుపక్షాల బ్రీఫులు (రాతపూర్వక వాదనలు), ముగ్గురు జడ్జిలు. జ్యూరీ లేని చోట బయటి మాటల ప్రభావం తక్కువని 3.6 నిబంధన వ్యాఖ్యానమే చెబుతుంది. వందేళ్ల కాపలా అంతా జ్యూరీ కోసం కట్టింది కాబట్టి, అప్పీలు దశకు వచ్చేసరికి లాయర్ మాటకు దాదాపు అడ్డే లేకుండా పోయింది. జెల్నర్‌కు అంత స్వేచ్ఛ దొరికింది అందుకే.

మరి ఆ ట్వీట్ తగిలేది ఎవరికి? జడ్జికి కాదు. పేరు బయటపడిన మూడో మనిషికి.

విస్కాన్సిన్‌లో 1984 నుంచి డెన్నీ పరీక్ష అని ఒకటుంది. ఈ హత్య నేను కాదు, ఫలానా వాడు చేశాడని నిందితుడు కోర్టులో చెప్పాలంటే మూడు చూపించాలి: ఆ మనిషికి చంపాల్సిన కారణం ఉందని, చంపే అవకాశం ఉందని, నేరంతో నేరుగా ముడిపడ్డాడని. ఈ గడప దాటలేకే 2007 విచారణలో ఏవరీ లాయర్లు ఫలానా వ్యక్తులంటూ ఎవరినీ వేలెత్తి చూపలేకపోయారు. ఆ పరీక్ష మరీ కఠినమని డిఫెన్స్ లాయర్లు అంటారు, కొంతవరకు నిజమే. కానీ అది ఉన్నది నిందితుడిని ఇరికించడానికి మాత్రమే కాదు, ఆధారం లేకుండా ఇంకొకరి బతుకు బజారున పడకుండా చూడడానికి కూడా. ట్విట్టర్‌లో డెన్నీ పరీక్ష లేదు. అనుమానితుడని జెల్నర్ బృందం చూపిన మనిషి కూడా ఒక్కడే కాదు. మొదటి మోషన్‌లో హతురాలికి దగ్గరి వ్యక్తి ఒకరు, తర్వాత ఏవరీ బంధువుల్లో ఒకరు. మారిన ప్రతిసారీ వేల మంది ఆ కొత్త పేరు వెంట పడ్డారు. పోలీసులు సాక్ష్యం నాటారని అనడం జెంటైల్ బాటలో మాట. అది సర్కారు మీద విమర్శ, దానికి జవాబు చెప్పే యంత్రాంగం సర్కారుకుంది. ఒక మామూలు మనిషికి ప్రెస్ ఆఫీసర్ ఉండడు, లాయర్ బృందమూ ఉండదు. కూతురిని పోగొట్టుకున్న కుటుంబానికైతే ప్రతి కొత్త పేరూ పాత గాయం మళ్లీ రేగడమే.

ఇలాంటి వాళ్ల కోసం ఉన్న నిబంధన 4.4 ఒక్కటే. మూడో వ్యక్తిని ఇబ్బంది పెట్టడం తప్ప మరో ప్రయోజనం లేని పనులు లాయర్ చేయకూడదని అది చెబుతుంది. క్లయింట్‌ను విడిపించడం అనే ప్రయోజనం ఎప్పుడూ చూపించవచ్చు కాబట్టి, హత్య అప్పీలులో అది ఎవరినీ ఆపదు. నాకు తోచిన హద్దు ఒకటే: కోర్టులో అఫిడవిట్‌తో దాఖలైన పేరు దాఖలైనంత మేరకే బయట చెప్పాలి, అంతకుమించి ఊహకు తావివ్వకూడదు. పోలీసుల మీద, ప్రాసిక్యూటర్ మీద మాత్రం డిఫెన్స్ ఎంత గట్టిగా మాట్లాడినా మాట్లాడనివ్వాలి. 2006 మార్చి ప్రెస్‌మీట్‌కు అదే సరైన జవాబు.

2022లో జెల్నర్ వేసిన కొత్త మోషన్‌ను 2023 ఆగస్టులో సట్‌కివిచ్ తిరస్కరించారు. అది మళ్లీ పైకి వెళ్లింది. ఈసారి ఆ బంధువు పేరు పక్కన కొత్త సాక్షుల అఫిడవిట్లున్నాయి. డెన్నీ పరీక్ష అడిగే ఆ మూడో ముడి, నేరంతో నేరుగా సంబంధం, కనిపించలేదని 2025 జనవరిలో అప్పీలు కోర్టు చెప్పింది. ఏవరీ జైల్లోనే ఉన్నాడు. ఆ బంధువు మీద ఇన్నేళ్లలో ఏ అభియోగమూ నమోదు కాలేదు. అతని పేరుతో పెట్టిన ట్వీట్లు మాత్రం వెతికితే ఒక్క నిమిషంలో దొరుకుతాయి.